పాత రైడర్లు ఊరికే చెప్పరు

కొత్తగా బండి కొన్నవాళ్ళకు జాగ్రత్తలు చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. హెల్మెట్ పెట్టుకో, ముందు బ్రేకు ఒక్కసారిగా పట్టకు, వాన మొదలవగానే కాసేపు ఆగు, లారీ పక్కన పోకు. ఎందుకో మాత్రం చెప్పరు. కారణం తెలియని జాగ్రత్త నెల తిరిగేసరికి గుర్తుండదు. ఏళ్ళ తరబడి రోడ్ల మీద తిరిగినవాళ్ళు చెప్పే ప్రతి మాట వెనకా ఒక చరిత్రో, ఒక లెక్కో, మన కంటికీ మెదడుకూ ఉన్న ఒక పరిమితో ఉంది. అది తెలిస్తే ఆ జాగ్రత్తను వదలబుద్ధి కాదు.

లారెన్స్ మరణం, ఒక డాక్టర్ పట్టుదల

1935 మే 13న ఇంగ్లండ్‌లోని డోర్సెట్ ప్రాంతంలో టి.ఇ. లారెన్స్ తన బ్రఫ్ సుపీరియర్ మోటార్ సైకిల్ మీద ఇంటికి వస్తున్నాడు. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ సినిమా చూసినవాళ్ళకు ఈయన గుర్తుండే ఉంటాడు. ఆ సినిమా మొదలయ్యేదే ఈ ప్రమాదంతో. దారిలో సైకిళ్ళ మీద పోతున్న ఇద్దరు కుర్రాళ్ళను తప్పించబోయి ఆయన కింద పడ్డాడు. తల మీద హెల్మెట్ లేదు. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి మే 19న చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 46.

ఆ ఆరు రోజులూ ఆయన్ని చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే న్యూరోసర్జన్ ఉన్నాడు. ఆస్ట్రేలియాలో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడినవాడు. ఆ మరణం ఆయన్ని వదల్లేదు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక, సైన్యంలో ఉత్తరాలు మోసే మోటార్ సైకిల్ సిపాయిలు తలకు దెబ్బలు తగిలి ఎలా పోతున్నారో లెక్కలు తీశాడు. హెల్మెట్ పెట్టుకున్న కొద్దిమంది ఎలా బతికి బయటపడ్డారో కూడా రాసి, 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చు వేయించాడు. ఆ ఏడాది నవంబరులోనే బ్రిటిష్ సైన్యం డ్యూటీలో ఉన్న రైడర్లకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. మామూలు జనానికి అదే నియమం రావడానికి బ్రిటన్‌లో 1973 దాకా పట్టింది. ఈలోగా ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1961 జనవరి 1 నుంచే ప్రపంచంలో మొదటిసారిగా హెల్మెట్ చట్టాన్ని అమలు చేసింది.

హెల్మెట్ గొడవ పోలీసు చలానాతో మొదలైందని అనుకునేవాళ్ళకు నేను ముందుగా చెప్పేది ఈ కథే. దీన్ని మొదలుపెట్టింది పోలీసు కాదు, తన చేతుల్లో మనిషి పోతుంటే చూసిన డాక్టరు.

కాపాడేది పైపెంకు ఒక్కటే కాదు

హెల్మెట్ కొనేటప్పుడు అందరం పైపెంకును తట్టి చూస్తాం. పెంకు గీతల్నీ, మొనదేలిన రాళ్ళనీ ఆపుతుంది, దెబ్బను కొంత విస్తరింపజేస్తుంది. అసలు పని మాత్రం లోపలున్న మందపాటి థర్మకోల్ పొరది. తల నేలకు తగిలిన క్షణంలో ఆ పొర నలుగుతుంది. అది నలిగే కొద్ది మిల్లీసెకన్ల పాటు తల కాస్త నెమ్మదిగా ఆగుతుంది. మెదడు వెళ్ళి పుర్రె గోడకు కొట్టుకునే తీవ్రత తగ్గేది అక్కడే. దెబ్బను ఇలా మింగే లోపలి పొరకు అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన చార్లెస్ లంబార్డ్ 1953లో పేటెంట్ పొందాడు. ఈనాటి హెల్మెట్లన్నీ ఆ దారిలో వచ్చినవే.

ఇందులోంచి రెండు జాగ్రత్తలు వస్తాయి. నలిగిన థర్మకోల్ మళ్ళీ పొంగదు. కాబట్టి ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి ఎంత నిగనిగలాడినా పక్కన పెట్టాల్సిందే. ఎవరో వాడిన హెల్మెట్ కొనవద్దని పెద్ద రైడర్లు చెప్పడం కూడా ఇందుకే, దాని గతం మనకు తెలియదు. రెండోది, ఈ పొర లేని టోపీలు రోడ్డు పక్కన హెల్మెట్ పేరుతో ఇంకా అమ్ముతూనే ఉన్నారు. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఐఎస్ఐ గుర్తు లేని ద్విచక్ర వాహన హెల్మెట్‌ను తయారు చేసినా, అమ్మినా నేరం. వెనక ఉండే స్టిక్కరులో ఐఎస్ 4151 అన్న సంఖ్య చూడండి. ఆపైన లోపల వేలు పెట్టి తడమండి. పలచటి స్పాంజి మాత్రమే తగిలితే అది తలకు పనికిరాదు.

పట్టీ సంగతి వేరే చెప్పాలి. క్లిప్పు పెట్టని హెల్మెట్ మనిషి కంటే ముందు రోడ్డు మీద పడుతుంది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కూడా హెల్మెట్ తల మీద ఉంటే చాలనదు, పట్టీతో గట్టిగా బిగించి ఉండాలంటుంది. గడ్డం కింద రెండు వేళ్ళు పట్టేంత సందు చాలు. బిగించాక హెల్మెట్‌ను వెనక నుంచి ముందుకు ఎత్తి చూడండి. ఊడి వస్తే సైజు తప్పు.

ప్రపంచంలో వివిధ దేశాల్లో జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2008లో చేసిన ఒక సమీక్ష ప్రకారం, హెల్మెట్ వల్ల ప్రమాదంలో చనిపోయే అవకాశం 42 శాతం, తలకు గాయమయ్యే అవకాశం 69 శాతం తగ్గుతాయి.

వెనక కూర్చున్నవాళ్ళు

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళు 44 శాతం దాటారు. హెల్మెట్ లేకుండా పోయినవాళ్ళు 50,029 మంది. కేంద్ర రవాణా శాఖ నివేదికలోని ఈ అంకెల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. ఆ యాభై వేల మందిలో 14,337 మంది బండి నడిపినవాళ్ళు కాదు, వెనక కూర్చున్నవాళ్ళు. మన ఊళ్ళలో నడిపేవాడి తల మీద హెల్మెట్ ఉంటుంది, వెనక భార్యకో అమ్మకో ఉండదు. రోడ్డు ఇద్దరికీ ఒకటే. పైగా వెనక ఉన్నవాళ్ళకు పట్టుకోవడానికి హ్యాండిల్ ఉండదు, ఎదురుగా వచ్చేది కనపడదు, బ్రేకు పడబోతోందని ముందుగా తెలియదు. రెండో హెల్మెట్ బండితోపాటే కొనాలి.

నాలుగేళ్ళు దాటిన పిల్లలకు హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లల విషయంలో 2023 ఫిబ్రవరి 15 నుంచి మరో నియమం ఉంది. పిల్లను నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు, పిల్ల తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. పెట్రోలు ట్యాంకు మీద పిల్లను కూర్చోబెట్టుకుని పోయే తండ్రులు ఎంతో ప్రేమతోనే ఆ పని చేస్తారు. గట్టిగా బ్రేకు పడితే మాత్రం ఆ పిల్ల ఛాతీకి హ్యాండిల్, వీపుకు తండ్రి బరువు తగులుతాయి.

చీర, చున్నీ

మన బళ్ళకు వెనక చక్రం పక్కన ఉండే జాలీ అలంకారం కాదు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 123వ నియమం ప్రకారం వెనక కూర్చునేవారికి పట్టుకునే పిడి, పాదాలు ఆనించే ఫుట్‌రెస్టు, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలి. కొందరు కుర్రాళ్ళు బండి అందం కోసం ముందు పీకి పారేసేది ఈ జాలీనే. చున్నీ కొస చక్రంలో పడితే అది మెడ చుట్టూ బిగుసుకోవడానికి రెప్పపాటు చాలు. కొంగును నడుము దగ్గర దోపుకోమని, చున్నీని ముందుకు తీసి ముడి వేసుకోమని చెప్పడం నడిపేవారి బాధ్యతే.

“చూశానండీ, కానీ కనపడలేదు”

బండిని ఢీకొట్టిన కారు డ్రైవర్లు అన్ని దేశాల్లోనూ చెప్పేది ఒకే మాట. వాళ్ళలో చాలామంది అబద్ధం ఆడటం లేదు.

సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలోనే పనిచేసిన ప్రొఫెసర్ హ్యారీ హర్ట్, 1970లలో తన బృందంతో లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో దాదాపు 900 మోటార్ సైకిల్ ప్రమాదాల స్థలాలకు స్వయంగా వెళ్ళాడు. మరో 3,600 పోలీసు రిపోర్టులు తిరగేశాడు. 1981లో వచ్చిన ఆ నివేదికను ఈనాటికీ రైడింగ్ నేర్పేవాళ్ళు పక్కన పెట్టుకుంటారు. ప్రమాదాల్లో నాలుగింట మూడొంతులు మరో వాహనంతో ఢీకొన్నవి. వాటిలో మూడింట రెండొంతులు ఆ రెండో వాహనం డ్రైవరు బండికి దారి ఇవ్వకపోవడం వల్ల జరిగినవి. అన్నిటికంటే ఎక్కువగా కనపడిన దృశ్యం ఒకటే. ఎదురుగా వస్తున్న కారు, బండి ముందునుంచి అడ్డంగా మలుపు తీసుకోవడం. అమెరికాలో అది ఎడమ మలుపు. ఎడమ పక్కన నడిపే మనకు అది కుడి మలుపు, ఇంకా హైవే డివైడర్ల మధ్య ఉండే యూటర్న్ సందులు.

కారణం కంటిలో ఉంది. మనం అటూ ఇటూ చూసేటప్పుడు చూపు మెల్లగా జారదు, ఒక చోటు నుంచి ఇంకో చోటికి గెంతుతుంది. గెంతే సమయంలో వచ్చే మసక బొమ్మను మెదడు వదిలేస్తుంది. సన్నటి బండి ఆ సందులో పడిపోవచ్చు. దీనికి తోడు, చిన్న వస్తువు ఉన్నదానికంటే దూరంగా, నెమ్మదిగా వస్తున్నట్టు మనకు తోస్తుంది. కారును చూసి ఆగే డ్రైవరు అదే దూరంలో అదే వేగంతో వస్తున్న బండిని చూసి “ఇంకా టైముంది” అనుకుని తిప్పేస్తాడు.

అందుకే పగలు కూడా హెడ్‌లైటు. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో వచ్చిన కొత్త బళ్ళకు ఇంజను నడిచినంతసేపూ లైటు వెలిగే ఉంటుంది. బ్యాటరీ అయిపోతుందని దాన్ని మెకానిక్ చేత తీయించేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. కూడలి వచ్చిందంటే రేసు తగ్గించి, బ్రేకు లీవరు మీద రెండు వేళ్ళు ఉంచండి. ఎదుటి డ్రైవరు మీ కళ్ళలోకి చూసినా మిమ్మల్ని చూశాడని నమ్మకండి. కారు ముందు చక్రాన్ని గమనించండి, అది కదలడం మొదలుపెడితే కారు బయలుదేరినట్టే.

హర్ట్ నివేదికలో ఇంకో మూడు సంగతులు కొత్తవాళ్ళ కోసమే ఉన్నట్టు ఉంటాయి. ప్రమాదంలో పడినవాళ్ళలో 92 శాతం బండి తమంతట తామో, ఇంట్లోవాళ్ళ దగ్గరో స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్ళు. సగానికి మించినవాళ్ళకు ఆ ప్రమాదంలో పడిన బండి మీద అయిదు నెలల అనుభవం కూడా లేదు. అసలు రైడింగ్ అనుభవం చూస్తే దాదాపు మూడేళ్ళుంది, అంటే బండి మారితే పాతవాడు కూడా కొత్తవాడే. ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో దాదాపు సగం మద్యంతో ముడిపడినవి.

వేగం లెక్క

గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదురుగా ఏదో వచ్చిందని గ్రహించి చెయ్యి బ్రేకు మీదికి పోవడానికి సెకనున్నర పట్టిందనుకుందాం. అప్పటికే 25 మీటర్లు పోయాం, బ్రేకు ఇంకా పడలేదు. పొడి తారు రోడ్డు మీద మంచి టైర్లతో గట్టిగా బ్రేకు పట్టినా ఆగడానికి మరో 23 మీటర్లు కావాలి. మొత్తం 48. అదే 40 కిలోమీటర్ల వేగంలో అయితే 27 మీటర్లలో ఆగుతాం. 80లో 74 మీటర్లు. 40 నుంచి 80కి వేగం రెండింతలైతే, బ్రేకు పడ్డాక పోయే దూరం నాలుగింతలవుతుంది. కాలనీ వీధిలో ఇరవై మీటర్ల దూరంలో బంతి వెనక పరుగెత్తి వచ్చే పిల్లవాడి కోసం ఏ వేగంలో ఉండాలో ఈ లెక్కే చెబుతుంది.

ముందు బ్రేకు మీద అపవాదు

“ముందు బ్రేకు పడితే బండి పల్టీ కొడుతుంది, వెనక బ్రేకే వాడు” అని మన ఊళ్ళలో తరతరాలుగా చెబుతున్నారు. ఈ ఒక్క సలహా మాత్రం తప్పు. బ్రేకు పడగానే బరువంతా ముందుకు వస్తుంది, ముందు టైరు రోడ్డును గట్టిగా నొక్కి పట్టు పెంచుకుంటుంది, వెనక టైరు తేలికపడుతుంది. ఆపే శక్తిలో దాదాపు 70 శాతం ముందు చక్రానిదే. వెనక బ్రేకు ఒక్కటే తొక్కేవాడి చక్రం బిగుసుకుని బండి పక్కకు జారుతుంది. ముందు లీవరును ఒక్కసారిగా లాగడమే తప్పు. మొదట మెల్లగా పట్టి, బరువు ముందుకు వచ్చాక బలం పెంచాలి. రెండు బ్రేకులూ కలిపి ఇలా పట్టడం ఖాళీ గ్రౌండులో నేర్చుకోవాలి. నడిరోడ్డు మీద ప్రాణభయంతో నేర్చుకునే విద్య కాదిది.

చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్‌ను మోటార్ సైకిల్ మీద మొదట అమ్మింది బీఎండబ్ల్యూ, 1988లో. మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త మోడళ్ళకు 2018 ఏప్రిల్ నుంచి, ఆ సామర్థ్యం దాటి అమ్మే అన్ని కొత్త బళ్ళకూ 2019 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. అయినా మలుపులో బండి వంగి ఉండగా మామూలు ఏబీఎస్‌ను నమ్ముకోవద్దు. టైరుకున్న పట్టులో చాలా భాగం అప్పటికే మలుపు కోసం ఖర్చయి ఉంటుంది. మలుపుకు ముందే వేగం తగ్గించమనేది అందుకే.

కుడికి పోవాలంటే కుడి చేత్తో నెట్టాలి

కాస్త వేగంలో ఉన్న బండి కుడికి తిరగాలంటే హ్యాండిల్ కుడి కొసను ముందుకు నెట్టాలి. అంటే ముందు చక్రం ఒక్క క్షణం ఎడమకు తిరుగుతుంది, దాంతో బండి కుడికి వంగి కుడికి పోతుంది. సైకిల్ తొక్కే ప్రతివాళ్ళూ తెలియకుండానే చేసే పని ఇది. విమానం కనిపెట్టిన విల్బర్ రైట్ మొదట సైకిళ్ళ వ్యాపారి. ఎడమకు ఎలా తిరుగుతావని సైకిల్ తొక్కేవాళ్ళను అడిగితే ఒక్కరూ సరిగా చెప్పలేకపోయారని ఆయన గమనించాడు. అడ్డుగా కుక్క వచ్చినప్పుడు తెలియకుండా చేసేది సరిపోదు. కంగారులో చేతులు బిగుసుకుంటాయి. తెలిసి చేసినవాడే తప్పించగలడు.

చూపు సంగతీ అంతే. గుంతను చూస్తూ ఉంటే బండి గుంతలోకే పోతుంది. పక్కనున్న మంచి రోడ్డును చూడాలి.

మన రోడ్ల మీద

తొలకరి మొదటి చినుకులు పెద్ద వానకంటే ప్రమాదం. నెలల తరబడి పేరుకున్న ఆయిలు, దుమ్ము, టైర్ల రబ్బరు పొడి నీళ్ళతో కలిసి జిడ్డులా మారతాయి. గట్టి వాన కాసేపు కురిస్తే ఆ జిడ్డు కొట్టుకుపోతుంది. ఆ కాసేపు బస్ షెల్టరు కింద ఆగడం పిరికితనం కాదు. జీబ్రా గీతలూ, మ్యాన్‌హోల్ మూతలూ తడిస్తే తారు కంటే ఎంతో ఎక్కువ జారతాయి.

కోతల కాలంలో ఊళ్ళ రోడ్ల మీద వడ్లు, మొక్కజొన్నలు ఆరబోస్తారు. కల్లం లేని రైతుకు అంతకంటే దారి లేదు, ఆయన్ని తప్పుపట్టలేను. కానీ రాత్రిపూట ఆ కుప్పల మీద నల్లటి టార్పాలిన్, అంచున వరసగా రాళ్ళు ఉంటాయి. లైటు వెలుగులో నలుపు కనపడదు, గింజల మీద టైరు నిలవదు. ఆ నెలల్లో పల్లె రోడ్ల మీద చీకటి పడ్డాక వేగం సగానికి తగ్గించండి. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు కూడా ఆ కాలంలోనే ఎక్కువ తిరుగుతాయి.

సంక్రాంతికి గాలిపటాల మాంజా. గాజుపొడి పూసిన మాంజానూ నైలాన్ మాంజానూ జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించినా అమ్మకాలు ఆగలేదు. అది సరిగ్గా రైడర్ గొంతు ఎత్తులో వేలాడుతుంది. ఆ వారం రోజులూ మెడకు మందపాటి గుడ్డ చుట్టుకోండి, ఫ్లైఓవర్ల మీద నెమ్మదిగా పోండి.

ఇంకొన్ని చిన్నవి

చాలా బళ్ళలో ఇండికేటరు కారులో లాగా దానంతటది ఆగదు. మలుపు అయ్యాక మీరు ఆపకపోతే, వెనకవాడు మీరు ఇంకా తిరగబోతున్నారనే అనుకుంటాడు.

లారీ అద్దంలో డ్రైవరు మొహం మీకు కనపడలేదంటే మీరు ఆయనకు కనపడటం లేదు. బస్సు, లారీ ఎడమకు తిరిగేటప్పుడు వాటి ఎడమ పక్క సందులో అసలు ఉండకూడదు. వెనక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలికి కోస్తూ వస్తాయి.

సైడ్ స్టాండ్ ఎత్తకుండా బయలుదేరితే మొదటి ఎడమ మలుపులో అది రోడ్డుకు తగిలి బండిని ఎత్తి పడేస్తుంది. కొత్త బళ్ళలో చాలావాటికి స్టాండ్ దించి ఉంటే ఇంజను ఆగే ఏర్పాటు ఉంది. పాత బండికి కాలే సెన్సరు.

మోటోజీపీ రేసర్లందరూ 2018 నుంచి తప్పనిసరిగా గాలి సంచి ఉన్న సూట్ వేసుకుంటున్నారు. పడిపోతున్నట్టు గ్రహించి అది దానంతటదే ఉబ్బుతుంది. మనకు అంత అక్కర్లేదు. చేతులకు గ్లవ్స్, కాళ్ళకు చీలమండ కప్పే బూట్లు చాలు. పడేటప్పుడు ఎవరైనా ముందు అరచేతులే ఆనిస్తారు.

ఎవరైనా పడి కనిపిస్తే

బండి మీద తిరిగేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు మరొకరి ప్రమాదం దగ్గరికి అందరికంటే ముందు చేరతారు. 108 అంబులెన్స్ మన దగ్గరే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలై ఇతర రాష్ట్రాలకు పాకింది. ముందు ఆ ఫోను చేయండి. వెనక వచ్చే వాహనాలు మీదికి రాకుండా మీ బండి ఇండికేటర్లు వేసి దూరంగా ఒకరిని నిలబెట్టండి. పడినవాళ్ళు ఊపిరి తీసుకుంటూ ఉంటే హెల్మెట్‌ను లాగి తీయకండి, మెడ ఎముక విరిగి ఉండొచ్చు. పట్టీ వదులు చేసి, అద్దం పైకెత్తితే చాలు. ఊపిరి లేనప్పుడు మాత్రం తీయక తప్పదు. అప్పుడూ ఒకరు తలనూ మెడనూ కదలకుండా పట్టుకుంటే మరొకరు మెల్లగా తీయాలి. లేపి కూర్చోబెట్టడం, నోట్లో నీళ్ళు పోయడం వద్దు.

కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం ఇప్పుడు అక్కర్లేదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్ళకు రక్షణ ఇస్తుంది. 2020లో వచ్చిన నియమాల ప్రకారం మీ పేరు, చిరునామా చెప్పమని పోలీసులు గానీ ఆస్పత్రివాళ్ళు గానీ బలవంతం చేయకూడదు. ఈ హక్కుల పట్టికను ప్రతి ఆస్పత్రీ, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ప్రవేశద్వారం దగ్గరో అందరికీ కనపడే మరో చోటో హిందీ, ఇంగ్లీషుతోపాటు స్థానిక భాషలోనూ పెట్టాలి. మీ ఊరి ఆస్పత్రిలో అది తెలుగులో కనపడకపోతే అడగండి.